కంటిపాపం

సోమవారం

అక్కయ్యకు తమ్ముడు నమస్కరిచి వ్రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం పెద్దలు నేర్పిన మర్యాద. ఉభయులలో నువ్వు కుశలమేనని నీ ఉత్తరం చెప్పింది. రెండో ఉభయుడి సంగతి ఈ ఉత్తరం చెబుతుంది.

ఫోను చేసి చెప్పొచ్చుగా అంటావు. పోయిన నెల ఫోనులో "తల నొప్పిగా ఉందే" అంటే "తలుపు నొక్కు, తెరుచుకుంటుంది" అన్నావు. నీ చెవులు అలా ఉన్నంతకాలం నా చేతికి కలం తప్పదు.

నా "తప్పొప్పుల పట్టిక" రెండువందల పద్నాలుగో తప్పు దాకా వచ్చింది. అచ్చాఫీసులో నలభై ఏళ్ళు కూర్చుని ఊళ్ళో వాళ్ళ ప్రూఫులు దిద్దాను. ఇప్పుడు తీరిగ్గా ఆ ఊళ్ళో వాళ్ళనే దిద్దుతున్నాను. ఎవరు, ఎప్పుడు, నాకేం చేశారు, ఏం చేయవలసింది. నాలుగు గళ్ళు, ఎర్ర సిరా. నిన్నటి వంతు మన చరిత్రకారుడిది. ఆయన రాసిన పద్నాలుగు సంపుటాలనూ నేను మూడేసి సార్లు చదివాను. లోకంలో అవన్నీ చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆయన కూడా చదవలేదనడానికి నా దగ్గర రుజువులున్నాయి. ముందుమాటలో అట్టలు అతికించినవాడికి కూడా కృతజ్ఞతలు చెప్పుకున్నాడు, నాకు చెప్పలేదు.

అంతా బాగానే సాగుతోంది గానీ, ఈ మధ్య ఒక గడిలో రాసిన అక్షరాలు పక్క గడిలోకి జారుతున్నాయి. ఒకరికి పడవలసిన తిట్టు ఇంకొకరికి పడుతోంది. నాకు న్యాయం ముఖ్యం. అందుకని కళ్ళజోడు మార్పించుకుందామని కంటి ఆస్పత్రికి వెళ్ళాను. యంత్రాల గదిలో ఒక అమ్మాయి ఉంది. "తాతగారూ, గడ్డం ఈ పీట మీద ఆనించండి, రెప్పలు కొట్టకండి" అంది. పెళ్ళే చేసుకోనివాణ్ణి, నేనెవరికీ తాతను కానని చెప్పాను. "సరే తాతగారూ" అంది. ఆ యంత్రం కంట్లోకి మెరుపులా వెలుతురు కొట్టి, కంటిపాప ఎంత తొందరగా ముడుచుకుందో కొలుస్తుంది. ఆ తరవాత జరిగింది రెండో పేజీలో చదువు.

— 2 —

పాపలిద్దరినీ చీకటి గదిలో కూర్చోబెట్టారు. ఓ ఐదు నిమిషాలు అలా ఉంచితే గానీ కుదురుకోరట. తరవాత ఒకరి మొహాన దీపం కొట్టారు. ఇక్కడే తమాషా. దీపం ఒకరి మీద వేసినా ముడుచుకునేది ఇద్దరూను. కుడి పక్కన వేస్తే ఇద్దరూ చటుక్కున ముడుచుకున్నారు. ఎడమ పక్కన వేస్తే మాత్రం ఇద్దరూ నింపాదిగా, ఏదో మొహమాటానికి అన్నట్టు ముడుచుకున్నారు. ఆ అమ్మాయి మళ్ళీ వేసింది. మళ్ళీ అంతే. "ఎడం పక్క ఏదో ఇబ్బందుంది తాతగారూ. పరీక్ష ఇంకా సగముంది. ముందు డాక్టరుగారు ఓసారి చూడాలి" అని పక్క గది చూపించింది.

పక్క గది తలుపు మీద పేరు చదివాను. అందులో మాత్రం ఒక్క అక్షరం జారలేదు. నా పట్టికలో ఒకటో నంబరు మనిషి! పాపలిద్దరినీ తీసుకుని లేచి వచ్చేశాను. ఇక ఆ గడప తొక్కను.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క. కొత్త కళ్ళజోడు రాలేదు. పాతదాన్ని తుడిస్తే కాస్త నయంగా ఉంది. తుడుచుకోవడానికి ఆస్పత్రి దాకా వెళ్ళనక్కర్లేదని ఇంటికొచ్చాక తెలిసింది.


శుక్రవారం

చిరంజీవి తమ్ముడికి అక్కయ్య నూరేళ్ళ ఆయుష్షు దీవించి రాసేదేమంటే,

ఆ నూరేళ్ళలో డెబ్బై ఒకటి నువ్వు వాడేశావు. మిగిలింది జాగ్రత్తగా వాడుకో.

నీ ఉత్తరం వానలో వచ్చింది. పోస్టుమాన్ గేటు సందులో దోపి పోయాడు. మొదటి పేజీ ముద్దయిపోయింది, సిరా అంతా నీలం నీళ్ళు. రెండో పేజీ పొడిగా ఉంది. చదివాను. చదివి కుట్టు మిషను ఆపేశాను.

ఒరేయ్, ఎవర్రా ఈ పాపలు?

పెళ్ళి వద్దన్నావు, ఊరుకున్నాను. పుస్తకాలే నా పిల్లలన్నావు, సరేనన్నాను. ఈ వయసులో ఎక్కణ్ణుంచి తెచ్చావురా ఇద్దరిని? తెచ్చినవాడివి నాతో ఒక్క మాట అనొద్దూ? పైగా పసివాళ్ళని చీకటి గదిలో కూర్చోబెట్టి మొహాన దీపం కొడతారా! ముడుచుకోక ఏం చేస్తారు? ఒకరికి దీపం తగిలితే ఇద్దరూ ముడుచుకున్నారని తమాషాగా రాశావు. అందులో తమాషా ఏముంది? తోడబుట్టినవాళ్ళు అంతే. నాన్న నన్ను కేకలేస్తే మంచం కింద దూరింది ఎవరు, నువ్వు కాదూ?

సరే, అదంతా పక్కన పెట్టు. ఎడం పక్క ఏదో ఇబ్బందుందని ఆ అమ్మాయి చెప్పింది. డాక్టరు చూడాలంది. నువ్వేమో తలుపు మీద పేరు చదివి పిల్లలని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చావు. డాక్టరు మీద కోపం నీకుంటే నీ దగ్గరుంచుకో. పాపేం చేసిందిరా మధ్యలో?

వెంటనే తీసుకెళ్ళి చూపించు. ఇద్దరి వయసూ, పొడుగూ రాసి పంపు. గౌన్లు కుడతాను.

ఆశీస్సులతో,
అక్కయ్య

తా.క. ఇద్దరికీ ఒకే రంగు గుడ్డ తీశాను. వేరే వేరే రంగులైతే కొట్టుకు చస్తారు.


మంగళవారం

అక్కయ్యకు,

నమస్కారం ఈసారి చిన్నది. కోపంలో ఉన్నాను.

పాపలంటే పిల్లలు కారు. అవి నా కంటిపాపలు. కంటిలో నల్లగా, గుండ్రంగా ఉండేవి. తప్పు నాదే, ఒప్పుకుంటాను. "రెండు పాపలు" అని రాయవలసిన చోట వెటకారానికి "ఇద్దరు" అన్నాను. అమహద్వాచకానికి మహద్వాచకపు సంఖ్య వేసిన దోషం. నలభై ఏళ్ళలో ఈ దోషం చేసినవాళ్ళని నేను క్షమించలేదు, నన్ను నువ్వు క్షమించనక్కర్లేదు. కానీ ఒక్క మాట పట్టుకుని నాకు సంసారం అంటగట్టడమేమిటి?

నీకు అనుమానం మిగలకుండా వివరాలు రాస్తున్నాను. పొడుగు (ఆ అమ్మాయి చదివి చెప్పింది): వెలుతుర్లో మూడు మిల్లీమీటర్లు, చీకట్లో ఐదు. వయసు: 71. ఆ యంత్రం దీపం కొడుతూనే రెండింటికీ ఫోటోలు తీస్తుంది, ముడుచుకున్న తీరుకి గీతలు గీసి కాగితం ఇస్తుంది. ఆ కాగితం తీసుకోకుండానే వచ్చేశాను.

ఎందుకు వచ్చేశానో కూడా రాస్తాను, నీకు తెలిసిందే అయినా. ముప్పై ఏళ్ళ కిందట ఈ డాక్టరు కుర్ర డాక్టరు. జనం కోసమని చిన్న పుస్తకం రాసి మా అచ్చాఫీసుకి తెచ్చాడు. "కంటిపాప: ఒక పరిచయం." ఆఖరి ప్రూఫు వచ్చిన రోజున నేను సెలవు. ఎందుకు సెలవు? నీ వేలిలో మిషను సూది విరిగిందని కబురొస్తే పరిగెత్తుకొచ్చాను. తిరిగి వెళ్ళేసరికి అట్ట మీద ఇంత లావు అక్షరాలతో "కంటిపాపం: ఒక పరిచయం" అని అచ్చయిపోయింది. ఒక్క సున్న! ఊరంతా నవ్వింది. డాక్టరు మా ఓనరుకి రెండు పేజీల ఉత్తరం రాశాడు. ఓనరు నన్ను పుస్తకాల బల్ల మీంచి లేపి, సబ్బు డబ్బాల లేబుళ్ళ దగ్గర కూర్చోబెట్టాడు. అక్కడే రిటైరయ్యాను. అంతమంది పండితుల వాక్యాలు దిద్దిన చేతులతో పంతొమ్మిదేళ్ళు "పిల్లలకు అందకుండా ఉంచండి" అన్న వాక్యం దిద్దాను. ఆఫీసులో నా పేరు సున్నాగారు అయిపోయింది. కాపలావాడు కూడా అలాగే పిలిచేవాడు.

ఆ మనిషి ముందుకి వెళ్ళి కళ్ళు తెరిచి కూర్చోమంటావా?

ఇట్లు,
సంతానం లేని నీ తమ్ముడు

తా.క. గౌన్ల గుడ్డ వెనక్కి ఇచ్చెయ్యి. మూడు మిల్లీమీటర్ల మనిషికి నువ్వైనా కుట్టలేవు.


ఆదివారం

చిరంజీవి తమ్ముడికి అక్కయ్య దీవెనలు.

నీ ఉత్తరం చదువుతుంటే కళ్ళు చెమ్మగిల్లాయి. "అవి నా కంటిపాపలు" అన్నావు చూశావూ, అక్కడ. నీ నోట అంత ముద్దు మాట వింటానని అనుకోలేదురా. అంత ప్రాణంగా చూసుకుంటున్నావన్నమాట! మీ మేనకోడలికి చదివి వినిపించాను. "మామయ్యేనా ఇది రాసింది?" అని దస్తూరీ చూసుకుంది.

అయితే కొలతల దగ్గర తొందరపడ్డావు. మూడు మిల్లీమీటర్లేమిటి? మూడడుగులై ఉంటుంది. చీకట్లో ఐదట! పిల్లలు చీకట్లో పెరగడం నేనెక్కడా చూడలేదు. వయసు దగ్గర 71 అని రాశావు. అర్థం చేసుకున్నాలే. పెద్దదానికి 7, చిన్నదానికి 1. మధ్యలో కామా మరిచిపోయావు. నువ్వేనట్రా కామా మరిచిపోయేది! వయసు మీద పడుతున్నట్టే ఉంది.

ఆ సున్న గొడవ నాకు గుర్తు లేకపోవడమేమిటి, ఆ సూది మచ్చ ఇప్పటికీ వేలికి ఉంది. నువ్వా రోజు వచ్చి నా చెయ్యి పట్టుకుని కూర్చున్నావు. మా ఊరి డాక్టరు సూది లాగుతుంటే నువ్వే ఎక్కువ అరిచావు. కానీ ముప్పై ఏళ్ళ కిందటి సున్న కోసం ఇవాళ్టి పాప కళ్ళు చూపించనంటే ఎలారా? ఇంత కాలం ఇంతమంది తప్పులు పట్టావు. ఈ తప్పు ఎవరి ఖాతాలో రాస్తావు?

మీ మేనకోడలు నలుగురికీ చెప్పింది. నేను ఇంకో నలుగురికి చెప్పాను. అందరికీ సంతోషమే. పిల్లల కోసం ఒక వస్తువు పార్సిల్లో పంపాను. పెద్ద డబ్బా. మెట్ల మీద జాగ్రత్త.

ప్రేమతో,
అక్కయ్య

తా.క. చిన్నదానికి ఏడాదే కదా, పట్టిక కాగితాలు అందకుండా పెట్టు. సిరా నోట్లో పెట్టుకుంటుంది.


గురువారం

అక్కయ్యా,

నమస్కారమూ లేదు, ఉభయకుశలోపరీ లేదు.

గుర్రం వచ్చింది. చెక్క గుర్రం. ఊగేది. నలుగురు మనుషులు మూడో అంతస్తుకి మోసుకొచ్చి నా రాత బల్ల పక్కన దింపారు. డబ్బా మీద నీ దస్తూరీతో ఇంత లావున "ఇద్దరు పాపలకు" అని ఉంది, దారి పొడుగునా అందరూ చదివారు. ఎవరు కదిలినా అది ఊగుతోంది. రాస్తుంటే దాని తోక నా మోచేతికి తగులుతోంది. కింద ఇస్త్రీ బల్ల దగ్గరి అతను రోజూ "పాపలు ఇంకా రాలేదా తాతగారూ?" అని అడుగుతున్నాడు. ఎదురింటావిడ తన మనవరాలి పాత చెప్పులు నాలుగు జతలు గుమ్మంలో పెట్టిపోయింది. మెట్ల మీద ఒకతను ఊరికే నా భుజం తట్టి వెళ్ళాడు. ఎందుకు తట్టాడో తెలియదు. డెబ్బై ఒక్క ఏళ్ళు ఎవరి చేతా భుజం తట్టించుకోకుండా బతికాను.

కామా నేను మరిచిపోలేదు. డెబ్బై ఒకటి. అక్షరాల్లో రాస్తున్నాను. డెబ్బై ఒకటి! నేను కామా మరిచిపోయే రోజు వస్తే ఆ రోజు నన్ను నేనే పట్టికలో ఎక్కించుకుంటాను.

పాపలు లేరు. ఉన్నవి రెండు కంటిపాపలు. ఇంతకంటె స్పష్టంగా రాయగలిగే తెలుగు నాకు రాదు, ఎవరికీ రాదు.

ఇట్లు,
తమ్ముడు

తా.క. ఆ గుర్రం చేసినవాడెవడో గానీ పని రానివాడు. పొద్దున కుడి కన్ను మూసుకుని చూస్తే దానికి తల లేదు. ఒళ్ళు ఉంది, తోక ఉంది, తల ఉండాల్సిన చోట పొగ పట్టినట్టు ఉంది. రెండు కళ్ళూ తెరిస్తే ఉంది. రెండు మూడు సార్లు చూశాను. ఇది నీకెందుకు రాస్తున్నానో నాకే తెలియదు.


శనివారం

తమ్ముడికి అక్కయ్య దీవెనలు.

గుర్రానికి తల ఉంది. దగ్గరుండి రంగు వేయించాను, నాకు తెలుసు.

నువ్వు ఎన్ని రాసినా నేను నమ్మేది ఒక్కటే. పాపల ఫోటో పంపు. ఆ యంత్రం ఫోటోలు తీస్తుందని నువ్వే రాశావుగా. వెళ్ళి, ఇద్దరి ఫోటో తీయించి, ఆ గీతల కాగితంతో సహా పంపు. అందులో ఉన్నవి పిల్లలు కాదు, కళ్ళేనని నా కళ్ళతో చూస్తే చాలు, అందరికీ ఉత్తరాలు రాసి తప్పు నాదని ఒప్పుకుంటాను. నీ పట్టికలో నన్ను ఎన్నో నంబరుగా వేసుకుంటావో వేసుకో.

పంపకపోతే పై శుక్రవారం రైలెక్కుతున్నాను. గౌన్లతో, మీ మేనకోడలితో, ఆవిడ ఆడపడుచులిద్దరితో. అందరం నీ గదిలోనే దిగుతాం. పుస్తకాలు సర్ది చోటు చెయ్యి.

ఆశీస్సులతో,
అక్కయ్య

తా.క. ఆడపడుచుల్లో చిన్నావిడ కవిత్వం రాస్తుంది. నీకు చూపించాలని ఎప్పట్నుంచో అనుకుంటోంది. నూటయాభై ఉన్నాయట.


బుధవారం

అక్కయ్యకు తమ్ముడు నమస్కరించి వ్రాయునది.

ఫోటో ఇందులో ఉంది. బోర్లించి చూడకు, పై వైపు ఎర్ర సిరాతో గుర్తు పెట్టాను. పక్కపక్కన రెండు నల్లటి సున్నలు. అవే నా సంతానం. ఇక కవిత్వంతో ఎవరూ రానక్కర్లేదు.

నిన్న పొద్దున్నే వెళ్ళాను. డాక్టరు రాకముందే ఫోటో పుచ్చుకుని బయటపడాలని నా ఎత్తు. యంత్రాల గది అమ్మాయి నన్ను చూడగానే లేచింది, నడుం మీద చెయ్యి వేసుకుని నెమ్మదిగా. "వచ్చారా తాతగారూ! అక్కయ్యగారు బాగున్నారా?" అంది. నాకో అక్కయ్య ఉందని ఈ పిల్లకెలా తెలుసో!

"ఫోటో ఒకటి కావాలి" అన్నాను.

"ఫోటో ఒక్కటే రాదు. పరీక్ష మొత్తం చేస్తేనే వస్తుంది."

"మొదటి సగం చేశావుగా."

"రెండో సగం మీరు ఎత్తుకుపోయారు."

గడ్డం ఆనించాను. మళ్ళీ చీకటి, మళ్ళీ మెరుపు. అయ్యాక కాగితం నా ముందు పరిచింది. కుడి కంట్లో వెలుతురు వేసినప్పుడు గీత నూతిలో చేద వేసినట్టు దిగింది. ఎడమ కంట్లో వేసినప్పుడు మెట్టు దిగడానికి ఆలోచిస్తున్నట్టు దిగింది. "చూడండి తాతగారూ, పాపలు రెండూ మంచివే. వెలుతురు వచ్చిందన్న కబురు ఎడం కన్ను వెనకాల నరం మోసుకెళ్ళాలి. అది సరిగ్గా మోయట్లేదు. కబురు సగమే అందితే రెండు పాపలూ సగమే ముడుచుకుంటాయి" అంది. అక్కయ్యా, నేను ఎన్ని పుస్తకాలు చదివాను! నన్నడక్కుండా, నాకు చెప్పకుండా, నా రెండు కళ్ళూ ఒకదాని కష్టం ఒకటి పంచుకుంటున్నాయని ఏ పుస్తకమూ నాకు చెప్పలేదు. లేచి నిలబడ్డాను. మళ్ళీ కూర్చున్నాను. అప్పుడు వచ్చాడు డాక్టరు.

జుట్టు పోయింది. అంతకు మించి మారలేదు. నన్ను చూసి, "మీరు... సున్నాగారు కదూ?" అన్నాడు.

ముప్పై ఏళ్ళుగా ఈ మనిషిని ఏమనాలో నేను రాసి పెట్టుకున్నాను. మూడు పేజీలుంది, కంఠతా వచ్చు. నోరు తెరిచేలోగా అతను గాజు బీరువాలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. ఆ ఆఖరి ప్రూఫు! "ఏళ్ళ తరవాత పాత పెట్టెలో దొరికిందండీ. అప్పటికి అచ్చాఫీసు మూసేశారు, మీరెక్కడుంటారో ఎవరూ చెప్పలేదు. ఇదిగో, ఇక్కడ చూడండి. ఈ సున్న పెట్టింది నేనే."

చూశాను. "కంటిపాప" అన్న మాట పక్కన పెన్సిలుతో చిన్న గుండ్రం. కంటిపాప బొమ్మ అక్కడ రావాలని డాక్టరు గీసిన గుర్తు. అక్షరాలు కూర్చినవాడు దాన్ని సున్న అనుకుని, సున్న పెట్టాడు. పెట్టమన్నది పెట్టాడు, వాడి తప్పూ లేదు. తన గుండ్రం సంగతి మరిచిపోయి మా ఓనరుకి ఉత్తరం రాశాడు ఈ మహానుభావుడు.

"పుస్తకం మాత్రం బాగా అమ్ముడైందండీ. కంటిపాపం అంటే ఏదో చాటుగా చదువుకునే పుస్తకమనుకుని కొన్నారట. లోపల అంతా కంటి పరీక్షలే. అయినా కొన్నారు కదా అని చదివారు. అది చదివి సమయానికి వచ్చి చూపు దక్కించుకున్నవాళ్ళు నాకే ఆరుగురు తెలుసు" అన్నాడు. తరవాత, "మీ ఉద్యోగం సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. క్షమించండి" అన్నాడు.

క్షమించానని నేననలేదు. బొమ్మ ఎక్కడ రావాలో ప్రూఫు మీద మాటల్లో రాయాలి, గీతల్లో కాదు అని చెప్పాను. రాసుకున్నాడు.

కన్ను చూశాడు. లోపల ఒత్తిడి పెరిగి నరాన్ని నొక్కుతోందట. పోయిన చూపు రాదట. "ఉన్నదాన్ని కాపాడుకుందాం. ఇంకో ఆర్నెల్లు ఆగి ఉంటే ఈ మాట కూడా చెప్పలేకపోయేవాణ్ణి" అన్నాడు. రోజూ చుక్కల మందు. పై నెలలో లేజరు కిరణంతో చిన్న పని. అతని ముందు కళ్ళు తెరిచి కూర్చున్నాను అక్కయ్యా. అంత కష్టమేమీ కాలేదు.

ఇంటికొచ్చి పట్టికలో ఒకటో నంబరు కొట్టేశాను. ఇప్పుడు మిగిలిన రెండువందల పదమూడుకీ మొదట్నుంచీ నంబర్లు మార్చి రాయాలి. ఆ డాక్టరు నాకు చేసిన రెండో అపకారం ఇది.

ఇట్లు,
ఇద్దరు పాపల తండ్రి

తా.క. రెండో నంబరు ఇప్పుడు ఒకటోది అవుతుంది. అది ఎవరిదో నీకు చెప్పను.


సోమవారం

చిరంజీవి తమ్ముడికి అక్కయ్య దీవించి రాసేదేమంటే,

ఫోటో అందింది. రెండు పాపలూ ముద్దొస్తున్నాయి. ఎడంది నీ పోలికే, ఏం చెప్పినా నిదానంగా వింటుంది.

ఈ ఉత్తరంతో ఒక కాగితం పెట్టాను, చూశావా? నీ మొట్టమొదటి ఉత్తరంలో మొదటి పేజీ. తడి తగిలిందేమో వెలుతురులో పెట్టి చూసుకో. ఆ రోజు మా ఊళ్ళో వాన పడనే లేదు.

పేజీ అందినప్పుడే చదివాను. చదువుతుంటే కళ్ళజోడు సంగతి కంటె ముందు ఇంకోటి కనిపించింది. వరసలు ఎడం పక్కకి జారి ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. గుడ్డ మీద కుట్టు పోయినట్టు పోయింది నీ రాత. మొట్టమొదటి మాటల్లోనే "నమస్కరించి" దగ్గర సున్న ఎగిరిపోయింది. ఎవడో పెట్టిన ఒక్క సున్న కోసం ముప్పై ఏళ్ళు ఏడ్చినవాడివి, నీ చేతి సున్న పోతే నీకు కనపడలేదు. అప్పుడు నాకు భయమేసింది.

రెండు రోజులకి ఆ ఆస్పత్రి అమ్మాయి ఉత్తరం వచ్చింది. ఫారంలో దగ్గరి బంధువు అన్న చోట నా చిరునామా రాసింది నువ్వేగా. "మీ తమ్ముడుగారు పరీక్ష మధ్యలో లేచి వెళ్ళిపోయారు, ఎలాగైనా పంపండి, ఆలస్యం చేయకూడదు" అని రాసింది. ఎలాగైనా అంటే ఎలా? వెళ్ళు అంటే వెళ్ళే రకానివా? బతిమాలితే ఇంకా బిగుసుకుంటావు. నీ సంగతి నాకు తెలియదూ! నిన్ను కదిలించేది ఒక్కటే. ఎదుటివాళ్ళు తప్పు చేస్తే దిద్దకుండా నీకు నిద్ర పట్టదు. అందుకని ఒక తప్పు చేశాను. నువ్వు దిద్దినకొద్దీ పెద్దది చేశాను. ఫోటో తెస్తే గానీ దిద్దడం కుదరని చోటికి తెచ్చి ఆపాను.

ఎవరికీ ఏమీ చెప్పలేదులే. మీ మేనకోడలికి తప్ప. ఆవిడ ఆడపడుచు కవిత్వం రాయదు, పాపం, బ్యాంకులో పని చేస్తుంది.

ఆ రెండో నంబరు నేనేనని నాకు తెలుసు. ఆ రోజు నిన్ను పిలవకపోతే నీ ఉద్యోగం నిలిచేదని ముప్పై ఏళ్ళుగా నాకూ గుచ్చుకుంటూనే ఉంది. ఒక్కసారీ నువ్వు నోటితో అనలేదు. ఎర్ర సిరాతో రాసుకున్నావు, అంతే. నా వేలు చూడ్డానికి నువ్వొచ్చావు. నీ కన్ను చూసే వంతు నాది. లేజరు పని రోజుకి వచ్చి నీ చెయ్యి పట్టుకుని కూర్చుంటాను. అరిచేది మాత్రం నువ్వే అరవాలి, నాకు ఎటూ వినపడదు.

ఆశీస్సులతో,
తప్పులు చేయడం ఈ వయసులో నేర్చుకున్న నీ అక్కయ్య

తా.క. గుర్రాన్ని వెనక్కి పంపకు. ఆ యంత్రాల గది అమ్మాయికి పై నెలలో కాన్పట, ఉత్తరంలో రాసింది. నువ్వు చూసి కూడా కనిపెట్టలేదు, అది కంటి జబ్బు కాదు, నీ మామూలు జబ్బే. గుర్రం మొదట్నుంచీ ఆ అమ్మాయి కోసమే. పాపో బాబో పుట్టాక తీసుకెళ్ళి నీ చేత్తో ఇవ్వు. "తాతగారూ" అంటే ఈసారి పలుకు.

ఇంకో తా.క. గౌన్లేమీ కుట్టలేదు. కళ్ళజోడు తుడుచుకోవడానికి మెత్తటి గుడ్డ కుట్టాను, ఇందులో ఉంది. అంచు చుట్టూ సన్న దారంతో నీ చిరునామా కుట్టాను. అందులో ఒక తప్పుంది. కుడి కన్ను మూసుకుని వెతుకు. కనిపిస్తే నన్ను తిడుతూ ఉత్తరం రాయి. కనిపించకపోతే ఉత్తరం రాయకు, తిన్నగా ఆస్పత్రికి వెళ్ళు. నెలకో గుడ్డ పంపుతాను, నెలకో తప్పుతో. నాకు నీ తిట్లు కావాలి.